4:41 నుంచి నాలుగు గంటల్లోపుకి: మీ అనుమానం నిజమే, కానీ చోటు తప్పింది

ప్రశ్న ఇది: "వయసు 38, బరువు 70 కిలోలు. ఇప్పటికి ఒక్క ఫుల్ మారథాన్ (42.195 కి.మీ.) చేశాను, 4:41 పట్టింది. మొదటి సగం 2:05, రెండో సగం 2:36. 32వ కిలోమీటరు నుంచి పరుగు కంటే నడకే ఎక్కువ. ఆ తర్వాత ఒక హాఫ్ మారథాన్ (21.1 కి.మీ.) 1:58లో చేశాను. వారానికి మూడు రోజులు, మొత్తం 30 కి.మీ. పరిగెడతాను. ఇంకో 24 వారాల్లో మళ్ళీ ఫుల్ ఉంది. నాలుగు గంటల్లోపు చేయాలని కోరిక. పైకి అనాలంటే మొహమాటం. 41 నిమిషాలు తగ్గించడం నాలాంటివాళ్ళ వల్ల అవుతుందా? ఈ లక్ష్యం ఎవరికైనా చెప్పాలా, గుట్టుగా ఉంచుకోవాలా?"

మిమ్మల్ని భయపెడుతున్నది ఆ 41 అనే అంకె. దాన్ని రెండు ముక్కలు చేద్దాం, అప్పుడు ఏ ముక్కకి భయపడాలో తెలుస్తుంది.

పీటర్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు 1977లో ఒక చిన్న సూత్రం ఇచ్చాడు. ఒక దూరంలో మీ సమయం తెలిస్తే ఇంకో దూరంలో ఎంత పడుతుందో అంచనా వేయొచ్చు. దూరాల నిష్పత్తికి 1.06 ఘాతం వేసి, ఆ వచ్చిన దానితో పాత సమయాన్ని గుణించాలి. దూరం రెట్టింపైతే సమయాన్ని 2.085తో గుణిస్తే చాలు. మీ 1:58 అంటే 118 నిమిషాలు. 118ని 2.085తో గుణిస్తే 246, అంటే 4:06.

ఇప్పుడు చూడండి. మీ ఇవాళ్టి వేగానికీ, నాలుగు గంటలకీ మధ్య తేడా 6 నిమిషాలు. మీ వేగం ఇవ్వగలిగిన 4:06కీ, గతసారి చేసిన 4:41కీ మధ్య తేడా 35 నిమిషాలు. మీరేమో "నేను అంత వేగంగా పరిగెత్తగలనా" అని బెంగపడుతున్నారు. అడగాల్సింది "నా వేగాన్ని 32 కి.మీ. తర్వాత కూడా నిలబెట్టుకోగలనా" అని. మొదటిది కొంతవరకు పుట్టుకతో వచ్చేది. రెండోది దాదాపు పూర్తిగా శిక్షణ, తిండి, పేస్ (కిలోమీటరుకి పట్టే సమయం) లెక్క.

ఒక హెచ్చరిక. రీగెల్ సూత్రం ఆ దూరానికి తగ్గట్టు తయారైనవాళ్ళకే పనిచేస్తుంది. వారానికి 30 కి.మీ. మీద ఫుల్ చేసేవాళ్ళకి అది తీపి అబద్ధం చెబుతుంది. మీ 35 నిమిషాలు పోయింది అక్కడే.

32 దగ్గర ఏం జరిగింది

పరుగుకి కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు 1 కేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషికి 42.195 కి.మీ.కి 2,950 కేలరీలు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ (పిండిపదార్థాల నిల్వ రూపం) సుమారు 400 నుంచి 500 గ్రాములు, అంటే 1,600 నుంచి 2,000 కేలరీలు. మిగతాది కొవ్వు నుంచి రావాలి. వేగం పెరిగేకొద్దీ గ్లైకోజెన్ వాటా పెరుగుతుంది, కొవ్వు వాటా తగ్గుతుంది. అందుకే మొదట్లో కిలోమీటరుకి పది సెకన్లు ఎక్కువ వేగంగా పోతే ఆ బాకీని చివర్లో నిమిషాల్లో తీర్చాల్సి వస్తుంది. గ్లైకోజెన్ అడుగంటాక శరీరం కొవ్వు మీద నడుస్తుంది, కానీ కొవ్వుని అంత త్వరగా మండించలేదు. మీకేమో కాళ్ళలో సీసం పోసినట్టు ఉంటుంది, ఆయాసం మాత్రం ఉండదు. గతసారి ఊపిరి బాగానే ఉండి కాళ్ళు కదలకపోతే, కారణం ఇదే.

రెండో కారణం తొడ కండరాలు. ప్రతి అడుగులో పాదం నేలను తాకగానే తొడ ముందు కండరం సాగుతూనే బరువు మోస్తుంది. వేల అడుగుల తర్వాత దానిలో సన్నటి నష్టం పేరుకుంటుంది. దీనికి మందు జెల్ (పరుగు మధ్యలో తీసుకునే చిక్కటి చక్కెర పాకం) కాదు, నెలల తరబడి కూడబెట్టిన కిలోమీటర్లు, కొంచెం బరువుల వ్యాయామం.

మూడోది మీ స్ప్లిట్‌లోనే, అంటే రెండు సగాల సమయాల్లోనే ఉంది. 2:05 అంటే కిలోమీటరుకి 5:55. అది మరీ దూకుడేం కాదు. అంటే మిమ్మల్ని ముంచింది ఆరంభ శూరత్వం కాదు, అడుగున పునాది లేకపోవడం. నా దృష్టిలో ఇది మంచి వార్త. పునాది వేయడం ఎలాగో అందరికీ తెలిసిన పనే.

నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో, ఒక పని చేయగలనన్న నమ్మకానికి నాలుగు మూలాలు చెప్పాడు: స్వయంగా చేసి గెలిచిన అనుభవం, మనలాంటివాళ్ళు చేయగా చూడటం, ఇతరులు చెప్పే ధైర్యం, ఒంట్లో ఆ క్షణాన కలిగే స్థితి. అన్నిటికన్నా బలమైంది మొదటిదే. "నీ వల్ల అవుతుంది" అని పదిమంది అన్నా మీకు లోపల దిగదు. 10 కి.మీ. ఈజీగా పరిగెత్తిన తర్వాత 12 కి.మీ. గోల్ పేస్‌లో, అంటే నాలుగు గంటలకి కావాల్సిన వేగంలో, ఒకసారి చేశారంటే దిగుతుంది.

అందుకని అనుమానాన్ని పోగొట్టుకునే ప్రయత్నం వద్దు, దాన్ని పరీక్షకి పెట్టండి. శిక్షణ డైరీలో చివరి పేజీ తీసి, ఏ అనుమానం వచ్చినా తేదీ వేసి ఒక్క వాక్యంలో రాయండి. పక్కన "దీన్ని ఏది తేలుస్తుంది, ఎప్పుడు" అని రాయండి. "వారానికి ఐదు రోజులు పరిగెడితే మోకాలు పోతుందేమో: 8వ వారం చివర్లో తేలుతుంది." "జెల్ పడక వాంతి అవుతుందేమో: 14వ వారంలోపు నాలుగు లాంగ్ రన్‌లలో తేలుతుంది." తేల్చే మార్గం రాయలేని వాక్యాలు కూడా వస్తాయి. "నేను రన్నర్‌నే కాదు" అన్నది అలాంటిది. దాన్ని అలాగే వదిలేయండి, జవాబు వెతక్కండి.

ఇంకో మాట. అనుమానం ఏ పూట వచ్చిందో కూడా రాసుకోండి. సామ్యుయేల్ మార్కోరా బృందం 2009లో ఒక ప్రయోగం చేసింది. 90 నిమిషాలు కంప్యూటర్ ముందు మెదడుకి కష్టమైన పని చేయించి, తర్వాత సైకిల్ తొక్కించారు. మెదడు అలిసినవాళ్ళు మామూలు కంటే దాదాపు 15 శాతం ముందే చేతులెత్తేశారు. గుండె వేగంలోనూ రక్తంలోని లాక్టేట్‌లోనూ దానికి కారణమయ్యే తేడా ఏమీ కనిపించలేదు. మారింది ఒక్కటే, అదే శ్రమ ఎక్కువ కష్టంగా తోచింది. రోజంతా పనిచేసి రాత్రి తొమ్మిదింటికి టెంపో రన్ (నిలకడైన గట్టి వేగంతో చేసే పరుగు) చెడిపోతే అది మీ సత్తాకి సాక్ష్యం కాదు. కీలకమైన రన్‌లు సెలవు రోజు పొద్దున పెట్టుకోండి.

1 నుంచి 8 వారాలు: పునాది

వారాలవారీగా కిలోమీటర్లు ఇలా పెంచండి: 32, 35, 38, 30, 40, 44, 47, 36. నాలుగో వారం, ఎనిమిదో వారం తగ్గాయి చూశారా, అవి పొరపాటు కాదు. గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలవాటు పడతాయి. ఎముకలకి, స్నాయువులకి నెలలు పడుతుంది. "ఇంకా చేయగలను" అనిపించే వారమే దెబ్బ తగిలే వారం. మొదటి నాలుగు వారాలు వారానికి నాలుగు రోజులు, తర్వాత ఐదు. ఐదో రోజు మొదలుపెట్టినప్పుడు అది 5 కి.మీ. ఉంటే చాలు.

ఈ ఎనిమిది వారాల్లో దాదాపు అంతా ఈజీ. మీకు ఈజీ అంటే కిలోమీటరుకి 6:30 నుంచి 7:10. పూర్తి వాక్యాలు ఆగకుండా మాట్లాడగలగాలి. మూడు మాటలకోసారి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే వేగం తగ్గించండి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు: అనుమానం ఉన్నవాళ్ళు ప్రతి రన్‌లోనూ తమని తాము నిరూపించుకోవాలని చూస్తారు. ఈజీ రన్ 6:00కి పోతుంది, టెంపో నాడు కాళ్ళు లేవవు, "చూశావా, నా వల్ల కాదు" అనుకుంటారు. అది చేతగానితనం కాదు, నిన్నటి ఈజీ రన్ ఈజీగా లేకపోవడం. యాప్‌లో పక్కవాళ్ళ పేస్ చూసి పరిగెత్తడమైతే పులిని చూసి నక్క వాతలు పెట్టుకోవడమే. ఆరు నెలలు ఆ ఫీడ్ మూసేసినా నష్టం లేదు.

వారానికి రెండుసార్లు ఈజీ రన్ చివర్లో 20 సెకన్ల చొప్పున ఆరు స్ట్రైడ్‌లు వేయండి. స్ప్రింట్ కాదు, సాఫీగా వేగం పెంచి తగ్గించడం. మధ్యలో ఒక నిమిషం నడక.

బరువుల పని వారానికి రెండుసార్లు, 25 నిమిషాలు. మెట్టు అంచున ఒంటికాలి మీద మడమ లేపి నెమ్మదిగా దించడం, 12 చొప్పున మూడు సెట్లు. ఇందులో మోకాలు నిటారుగా ఉంచి సగం, కొద్దిగా వంచి సగం చేయాలి. వంచి చేసినప్పుడు పిక్క లోపలి కండరానికి పని పడుతుంది, పరుగులో ఎక్కువ బరువు మోసేది అదే. వెనక కాలు ఎత్తు మీద పెట్టి స్క్వాట్, 8 చొప్పున మూడు. వీపు మీద పడుకుని ఒంటికాలి మీద పిరుదులు లేపడం, 10 చొప్పున మూడు. లాంగ్ రన్‌కి ముందు రోజు మాత్రం వద్దు.

మొదటి పరీక్ష 8వ వారం చివర: 44, 47 కి.మీ. వారాలు రెండూ నొప్పి లేకుండా గడిచాయా? మొదటి వారంలో వచ్చిన గుండె వేగం దగ్గరే ఈజీ పేస్ కొంచెమైనా మెరుగైందా? రెండిటికీ అవునంటే ముందుకి. లేదంటే ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉండండి. 24 వారాల్లో రెండు వారాలు పోయినా ఈ పథకం తట్టుకుంటుంది.

9 నుంచి 21: అసలు పని

ఇవాళ మీ హాఫ్ పేస్ 5:36. నాలుగు గంటల పేస్ 5:41. రెండూ దాదాపు ఒకటే, అందుకే ఆ గోల్ మీకు భయంగా ఉంది. ఉండాలి కూడా. మొత్తం మారథాన్ హాఫ్ పేస్‌లో ఎవరూ చేయలేరు. కాబట్టి రెండు పనులు ఒకేసారి జరగాలి: హాఫ్ పేస్‌ని 5:20 దగ్గరకి దించడం, 5:41ని కాళ్ళకి మామూలు విషయం చేయడం.

మొదటి దానికి వారానికి ఒక థ్రెషోల్డ్ రన్, అంటే కూలబడకుండా చాలాసేపు నిలబెట్టుకోగల గట్టి వేగంతో పరుగు. 9వ వారంలో 6 నిమిషాల చొప్పున నాలుగు, మధ్యలో 90 సెకన్ల నెమ్మది జాగ్. పేస్ 5:20 నుంచి 5:25. రెండేసి వారాలకోసారి కొంచెం పొడిగించండి: 8 నిమిషాల చొప్పున నాలుగు, 10 చొప్పున మూడు, 15 చొప్పున రెండు. చివరి రెపెటిషన్ అయ్యాక "ఇంకొకటి చేయగలను, కానీ చేయాలని లేదు" అనిపించాలి. నేల మీద కూలబడితే అది థ్రెషోల్డ్ కాదు, రేసు. దానికి బిల్లు ఆదివారం లాంగ్ రన్‌లో వస్తుంది.

రెండో దానికి లాంగ్ రన్. రెండు మూడు వారాలకోసారి అందులో గోల్ పేస్ కలపండి, మిగతా వారాలు పూర్తిగా ఈజీ. వరుస ఇది. 9వ వారం: 18 కి.మీ.లో చివరి 6 గోల్ పేస్. 12వ వారం: 24లో ఐదు చొప్పున రెండుసార్లు, మధ్యలో ఒక కి.మీ. ఈజీ. 15వ వారం: 27లో 12 ఏకబిగిన. 18వ వారం: 28లో ఐదు చొప్పున మూడు. 20వ వారం: 13 ఈజీ తర్వాత 16 గోల్ పేస్, మొత్తం 29. ఈజీ లాంగ్ రన్‌లు 22 నుంచి 30 వరకు, ఏదైనా సరే 3 గంటల 20 నిమిషాలు దాటకూడదు. 32 కి.మీ. తప్పనిసరి అనే నమ్మకం చాలామందిలో ఉంది. ఈజీ పేస్‌లో 32 అంటే మీకు మూడున్నర గంటలు. చివరి పావుగంట ఇచ్చే లాభం తక్కువ, కోలుకోవడానికి పట్టే రోజులు ఎక్కువ.

వారం మొత్తం 48 నుంచి 58 మధ్య, 19, 20 వారాల్లో 60 నుంచి 62. 20వ వారం తప్ప ప్రతి నాలుగో వారం పావువంతు తగ్గించండి.

ఈ లాంగ్ రన్‌లలో ఒక సంగతి గమనించమంటాను. 12 కి.మీ. గోల్ పేస్ రన్ అనుకోండి. అనుమానం 10వ కిలోమీటరులో రాదు. మూడు, నాలుగు కిలోమీటర్ల దగ్గర వస్తుంది. అప్పుడే పేస్ కుదురుకుంటుంది, ఇంకా చాలా దూరం మిగిలి ఉంటుంది, ఒళ్ళు మాత్రం బాగానే ఉంటుంది. "ఇప్పుడే ఇలా ఉంటే..." అని మొదలవుతుంది. అప్పుడు వాచ్ చూడకుండా మూడు విషయాలు చూసుకోండి: ఊపిరి ఎన్ని అడుగులకి ఒకసారి వస్తోంది, భుజాలు చెవుల దాకా లేచాయా, పిడికిళ్ళు బిగుసుకున్నాయా. చేతులు వదులు చేసి, ఇంకొక్క కిలోమీటరు అయ్యాక నిర్ణయం అనుకోండి. నాలుగైదు లాంగ్ రన్‌ల తర్వాత ఈ అనుమానం ప్రతిసారీ అదే చోట వచ్చి, అదే చోట పోతుందని మీకే కనిపిస్తుంది. రేసులో 5వ కిలోమీటరు దగ్గర అది వచ్చినప్పుడు పాత పరిచయస్తుడిలా పలకరించి పంపేయొచ్చు.

రెండో పరీక్ష 12 లేదా 13వ వారం: 10 కి.మీ. 51 నిమిషాల్లోపు. నాలుగు గంటలకి సమానమైన 10 కి.మీ. సమయం రీగెల్ లెక్కలో 52:10, నిమిషం పైన మార్జిన్ కలిపాను. మూడోది 16 లేదా 17వ వారం: హాఫ్. 1:53 లోపు వస్తే లక్ష్యం సజీవం. లెక్క ప్రకారం 1:55కి కూడా 3:59:47 వస్తుంది, కానీ 13 సెకన్ల మార్జిన్ మీద మారథాన్ ప్లాన్ చేయకండి. 1:53 నుంచి 1:56 మధ్య వస్తే 4:05 లక్ష్యం, పేస్ 5:48. 1:56 దాటితే 4:10, పేస్ 5:55. ఈ అంకెలు ఇప్పుడే డైరీలో రాసి పెట్టుకోండి. ఆ రోజు వచ్చాక రాస్తే ఆశో, దిగులో మీ చేత అబద్ధం రాయిస్తుంది.

నాలుగో పరీక్ష 20వ వారంలోని 13+16. గోల్ పేస్ మొదటి 4 కి.మీ. సగటు గుండె వేగాన్ని, చివరి 4 కి.మీ. సగటుతో పోల్చండి. పేస్ నిలిచి, గుండె వేగం 5, 6 శాతం లోపు పెరిగితే సిద్ధంగా ఉన్నట్టే. 10 శాతం పెరిగితే ముందు వేడి, నిద్ర, నీళ్ళు చూడండి. అవి సరిగ్గానే ఉంటే గోల్ ఐదు నిమిషాలు వెనక్కి జరపండి. ఆ రన్ తర్వాత 48 గంటలకి 6 కి.మీ. ఈజీగా పరిగెత్తగలగడం కూడా పరీక్షలో భాగమే.

నొప్పి వస్తే

పదికి మూడు లోపు ఉండి, పరిగెత్తేకొద్దీ పెరగకుండా, మర్నాడు పొద్దుటికి పోయే నొప్పితో పరుగు కొనసాగించొచ్చు. పరుగు తీరు మార్చేసే నొప్పితో, అంటే కుంటించే నొప్పితో వద్దు. పొద్దున్నే మడమ వెనక పట్టేసి నాలుగడుగులకి వదిలే బిగువు అకిలిస్ స్నాయువుది. పూర్తి విశ్రాంతి కంటే వేగం, ఎత్తులు తగ్గించి మడమ దించే వ్యాయామం కొనసాగించడం మేలు. ముంగాలి ఎముక మీద, పాదం పైన, తొడ లోతుల్లో ఒక్క చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, రాత్రి పడుకున్నా వదలని నొప్పి, ఒంటికాలి మీద గెంతితే గుచ్చుకునే నొప్పి ఉంటే ఆ రోజే పరుగు ఆపి డాక్టర్‌కి చూపించండి. ఎముకలో సన్న పగులు కావచ్చు. అనుమానంతో ఉన్నవాళ్ళు ఇక్కడ "సాకులు వెతుకుతున్నానేమో" అనుకుని పరిగెత్తుతారు. ఒక్క చోట పొడిచే ఎముక నొప్పి సాకు కాదు.

కిలోమీటర్లు రెట్టింపైనప్పుడు తిండి పెరగకపోతే ఇంకో రకంగా చెడుతుంది. ఎప్పుడూ అలసట, నిద్ర పట్టకపోవడం, చీటికి మాటికి జలుబు, ఆడవాళ్ళకి నెలసరి తప్పడం, ఇవన్నీ శరీరానికి శక్తి చాలట్లేదని చెప్పే గుర్తులు. ఈ శిక్షణలో బరువు తగ్గే లక్ష్యం కలపకండి. అలసట రెండు మూడు వారాలు వదలకపోతే హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) కూడా పరీక్ష చేయించండి.

బూట్లు 500 నుంచి 800 కి.మీ.లకి మార్చాలి. రేసు జతకి రేసు నాటికి కనీసం 50 కి.మీ. అయ్యుండాలి, అందులో ఒకటి గోల్ పేస్ లాంగ్ రన్ అయితే ఇంకా మంచిది.

జెల్, నీళ్ళు

గంటకి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ లక్ష్యం. 25 గ్రాముల జెల్ 25 నిమిషాలకొకటి తీసుకుంటే సరిగ్గా అంతే. మొదటిది 25వ నిమిషంలో, చివరిది 3:20కి, మొత్తం ఎనిమిది. ఆకలి వేశాకో, నీరసం వచ్చాకో తీసుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. పేగు నుంచి రక్తంలోకి చేరడానికి సమయం పడుతుంది, అలిసిన కడుపు తీసుకోదు కూడా.

కడుపుకీ శిక్షణ కావాలి. 5వ వారం నుంచి లాంగ్ రన్‌లో గంటకి 30 గ్రాములతో మొదలుపెట్టి 14వ వారానికి 60కి చేరండి. ప్రతి జెల్‌తో 100 నుంచి 150 మి.లీ. మంచినీళ్ళు. జెల్ మీద స్పోర్ట్స్ డ్రింక్ తాగితే కడుపులో చక్కెర చిక్కబడి, నీరు కడుపులోకే లాగి, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనం తెస్తుంది. జెల్ పడలేదని వదిలేసినవాళ్ళలో చాలామంది చేసిన తప్పు ఇదే.

నీళ్ళకి మీ లెక్క మీరే తీయండి. గంట పరుగుకి ముందు, తర్వాత బట్టలు లేకుండా బరువు చూడండి. 0.9 కిలో తగ్గి, మధ్యలో 300 మి.లీ. తాగి ఉంటే గంటకి 1.2 లీటర్ల చెమట. అదంతా తిరిగి తాగాల్సిన పనిలేదు. 2, 3 శాతం బరువు తగ్గడం మామూలే. దాహాన్ని బట్టి తాగండి. రేసులో బరువు పెరిగేంత తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణాంతకం. నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్ రకం, రేసు ముందు, మధ్యలో వద్దు. చెమటోడ్చిన శరీరంలో అవి కిడ్నీల మీద భారం వేస్తాయి.

చివరి రెండు రోజులు కిలో బరువుకి రోజుకి 8 నుంచి 10 గ్రాముల కార్బ్స్, అంటే మీకు 560 నుంచి 700 గ్రాములు. కొవ్వు, పీచు తగ్గిస్తేనే అంత పడుతుంది. తూకంలో కిలో, కిలోన్నర పెరుగుతారు. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. ఆ పెరిగిన బరువు ఇంధనమే, లావెక్కారనుకోకండి.

టేపర్

టేపర్ అంటే రేసుకి ముందు దూరం తగ్గించుకోవడం. 22వ వారం 45 కి.మీ., 23వ వారం 35, రేసు వారం 18. రోజులు అలాగే ఉంచి దూరం తగ్గించండి. వారానికి ఒక చిన్న వేగం రన్ ఉంచండి, లేకపోతే కాళ్ళు మొద్దుబారతాయి. ఈ మూడు వారాల్లో అనుమానం తారస్థాయికి వెళ్తుంది. లేని మోకాలి నొప్పి వస్తుంది, గొంతు గరగరమంటుంది, "ఒక్క 25 కి.మీ. చేసి చూసుకుందాం" అనిపిస్తుంది. చేయకండి. ఆ రన్ మీకు ఇచ్చేది ఏమీ ఉండదు, తీసుకునేది ఉంటుంది. చివరి పేజీ తీసి, టిక్ పడిన వాక్యాలు చదువుకోండి.

రేసు రోజు

నాలుగు గంటలకి దాటాల్సిన గుర్తులు: 5 కి.మీ. 28:26, 10 కి.మీ. 56:53, సగం 2:00:00, 30 కి.మీ. 2:50:38, 35 కి.మీ. 3:19:05, 40 కి.మీ. 3:47:31. వాచ్‌ని గుడ్డిగా నమ్మకండి. మలుపులు వెడల్పుగా తిరగడం వల్ల, జీపీఎస్ లోపం వల్ల ముగింపు గీత దగ్గర వాచ్ తరచూ 42.5 నుంచి 42.8 చూపిస్తుంది. 42.6 అనుకుంటే వాచ్‌లో కనిపించాల్సిన పేస్ 5:38. ఆటో లాప్ (వాచ్ తనంతట తానే ప్రతి కిలోమీటరు లెక్క వేయడం) ఆపేసి, రోడ్డు పక్క బోర్డుల దగ్గర మీరే లాప్ నొక్కండి. వాచ్‌లో పేస్ సరిపోయినట్టే కనిపిస్తుంటే దాన్ని నమ్మి, లెక్క తప్పిపోయి 4:01తో ముగించినవాళ్ళు ఉన్నారు.

మొదటి 3 కి.మీ. 5:48. మీకంటే నెమ్మది అనుకున్నవాళ్ళు కూడా దాటిపోతారు, పోనివ్వండి. తర్వాత 5:38 నుంచి 5:40. సగం 1:59:30 నుంచి 2:00:15 మధ్య దాటితే సరిగ్గా ఉన్నారు. 1:57కి దాటితే "మూడు నిమిషాలు దాచుకున్నాను" అనుకోకండి, అది దాచిన సొమ్ము కాదు, అప్పు.

వేడి రోజైతే ఇవేవీ చెల్లవు. పొద్దున్నే ఉక్కగా ఉండి, ఎండ ముదిరే సూచనలు ఉంటే గోల్‌ని 4:05కో, 4:10కో బయల్దేరకముందే మార్చుకోండి.

28 నుంచి 36 వరకు ఏం చేస్తారో ఇంట్లో కూర్చుని "ఇలా అయితే ఇలా" అని రాసుకోండి. "నడవాలనిపిస్తే తర్వాతి బోర్డు దాకా వెళ్ళి అడుగుతా." "పేస్ 5:50 దాటితే అడుగు పొడవు కాదు, చేతుల ఊపు పెంచుతా." "పిక్క పట్టేస్తే 30 సెకన్లు నడిచి, చిన్న అడుగులతో మళ్ళీ మొదలుపెడతా." తనతో తాను మాట్లాడుకునే మాటలకీ విలువ ఉంది. 2014లో 24 మందితో చేసిన ఒక సైక్లింగ్ ప్రయోగంలో, ముందే ఎంచుకున్న ప్రోత్సాహ వాక్యాలు సాధన చేసినవాళ్ళు 18 శాతం ఎక్కువసేపు తట్టుకున్నారు. చిన్న ప్రయోగమే, అదీ సైకిల్ మీద. అయినా ఖర్చు లేని పని కదా. వాక్యం మీ భాషలో, మీ యాసలో, నాలుగు మాటల్లోపు ఉండాలి. లాంగ్ రన్‌లలో వాడి అరిగిపోయిన వాక్యమే 34వ కిలోమీటరులో పనికొస్తుంది, ఆ క్షణాన కొత్తది తట్టదు.

మధ్యలో "ఇవాళ నా రోజు కాదు" అనిపిస్తే వెంటనే నమ్మకండి. 2018 బోస్టన్ మారథాన్‌లో చలి, కుండపోత వాన, ఎదురుగాలి. అమెరికన్ రన్నర్ డెజిరే లిండెన్ రేసు మొదట్లోనే తోటి రన్నర్ షలేన్ ఫ్లానగన్‌తో తాను బహుశా తప్పుకుంటానని, ఆలోగా ఏదైనా సాయం కావాలంటే అడగమని చెప్పింది. ఫ్లానగన్ టాయిలెట్‌కి ఆగితే ఆమెకోసం వేగం తగ్గించి, తిరిగి గుంపులో కలవడానికి తోడు వచ్చింది. చివరికి 2:39:54తో గెలిచింది లిండెనే. 5వ కిలోమీటరులో ఒళ్ళు చెప్పిన జోస్యం 35వ కిలోమీటరుకి వర్తించాలని లేదు. మంచి జోస్యానికీ ఇదే మాట, 18 దగ్గర గాల్లో తేలుతున్నట్టుందని వేగం పెంచకండి.

35 దగ్గర 3:20:30 లోపు ఉంటే వదలకండి. అక్కణ్ణుంచి 7.195 కి.మీ., కిలోమీటరుకి 5:29 కావాలి. కష్టమే, కానీ కాళ్ళు మిగిలినవాళ్ళు చేసే పనే. 3:23 దాటితే నాలుగు గంటలు పోయినట్టే, అప్పుడు 4:05 కోసం పరిగెత్తండి. "ఎలాగూ పోయింది" అని నడిస్తే అది 4:20 అవుతుంది. అక్కడ పోయిన పదిహేను నిమిషాలు శిక్షణ లోపం కాదు.

ఇక ఎవరికైనా చెప్పాలా అన్నారు. ఇద్దరికి చెప్పండి, అంతకంటే వద్దు. ఒకరు మీ ఇంట్లోవాళ్ళు. ఆదివారం పొద్దున మూడు గంటలు మీరు ఎందుకు కనిపించరో, మధ్యాహ్నం ఎందుకు పడుకుంటారో వాళ్ళకి తెలియాలి. రెండోవాళ్ళు ఫుల్ చేసిన అనుభవం ఉన్న ఒక రన్నర్. వాళ్ళకి "నాలుగు గంటలు" అని చెప్పి ఊరుకోకుండా 8, 12, 16, 20 వారాల పరీక్షలు, వాటి అంకెలు రాసి ఇవ్వండి. 16వ వారంలో మీకు 1:54:30 వచ్చి, "వాతావరణం బాలేదు, ఇంకా ఛాన్స్ ఉంది" అని మీరు వాదించేటప్పుడు, మీ చేతిరాతతో ఉన్న ఆ కాగితం మీ ముందు పెట్టడం వాళ్ళ పని.